సూర్యలంక గుల్లతో పాత సముద్రాన్ని చదవడం ఎలా

మా నాయనమ్మ తాంబూలంలోకి గుల్ల సున్నం తప్ప ఇంకోటి ముట్టేది కాదు. రాతి సున్నం నోరు పొక్కిస్తుందనేది. బాపట్ల వైపు నుంచి ఎవరో సముద్రపు గుల్లలు తట్టల్లో తెచ్చేవాళ్ళు. వాటిని బట్టీలో ఎర్రగా కాల్చి, నీళ్ళు చల్లితే బుసబుసలాడుతూ పొంగి, వెన్నలాంటి సున్నం అయ్యేది. చిన్నప్పుడు ఆ పొంగు చూడటమే నాకు పెద్ద సంబరం. గుంటూరులో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టాక గానీ ఆ బట్టీలో ఏం పోగొట్టుకుంటున్నామో నాకు అర్థం కాలేదు. గుల్ల కాలినప్పుడు కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. ఆ గుల్ల పెరిగిన రోజుల్లో సముద్రం ఎంత వెచ్చగా ఉంది, ఎంత ఉప్పగా ఉంది అనే సమాచారం ఉన్నది ఆ వాయువులోనే. సున్నం చేసేవాళ్ళు వదిలేసే వాయువే మనకి కావాలి. దాన్ని నిప్పుతో కాకుండా ఆసిడ్‌తో, ఒక్క చుక్క కూడా చెదరకుండా పట్టుకోవాలి.

ఈ పని ఎలా చెయ్యాలో నేను నేర్చుకున్న వరసలోనే రాస్తున్నాను. చాలావరకు గుంటూరులోనో విజయవాడలోనో మామూలు కాలేజీ ల్యాబులో చేసుకోవచ్చు. చివరి కొలత ఒక్కటే మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే అణువుల్ని బరువు ప్రకారం వేరుచేసి కొలిచే మెషీన్, ఉన్న చోటికి పంపాలి. కానీ ఆ మెషీన్ దాకా వెళ్ళకముందే సగం ప్రాజెక్టులు పాడైపోతాయి. అందుకే ముందు పనుల మీదే ఎక్కువ రాస్తాను.

గుల్లకి ఎలా తెలుస్తుంది

ఆక్సిజన్ అంతా ఒకే బరువు ఉండదు. 99.76 శాతం ఆక్సిజన్ 16. వెయ్యికి రెండు చొప్పున కాస్త బరువైన ఆక్సిజన్ 18 ఉంటుంది. గుల్లలోని జీవి నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, కార్బొనేట్లు తీసుకుని పొర మీద పొర కట్టుకుంటుంది. నీళ్ళు చల్లగా ఉంటే ఆ పొరలో బరువు ఆక్సిజన్ కొంచెం ఎక్కువ చేరుతుంది, వెచ్చగా ఉంటే కొంచెం తక్కువ. తేడా చాలా చిన్నది. సుమారు నాలుగున్నర డిగ్రీలు మారితే వెయ్యికి ఒక వంతు మారుతుంది. ఈ వెయ్యికి ఒక వంతునే పర్ మిల్ అంటారు. కొలిచిన విలువని ఒక ప్రామాణిక కార్బొనేట్‌తో పోల్చి 'డెల్టా' అని రాస్తారు. మైనస్ వస్తే ప్రామాణికం కన్నా తేలిక అని అర్థం.

దీన్ని థర్మామీటరుగా వాడొచ్చని ముందు ఊహించినవాడు హెరాల్డ్ యూరీ. బరువు హైడ్రోజన్‌ని కనిపెట్టినందుకు 1934లో నోబెల్ అందుకున్న ఆయనే. 1947లో ఆయన లెక్క వేసి చూపించాడు. 1951లో ఆయన బృందం స్కాట్లాండ్‌లోని స్కై దీవి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు బెలెమ్నైట్ ముక్కని పొరపొరగా గీరి కొలిచింది. బెలెమ్నైట్ అంటే ఇప్పటి స్క్విడ్‌కి దూరపు చుట్టం. చిన్నతనం దాటాక ఆ జీవి మూడు వేసవులు, నాలుగు చలికాలాలు చూసి, సుమారు నాలుగేళ్ళ వయసులో వసంతకాలంలో చనిపోయిందని వాళ్ళు చెప్పగలిగారు. పదిహేను కోట్ల ఏళ్ళ నాటి ఒక జీవి ఏ రుతువులో పోయిందో చెప్పగలగడం! ఈ సంగతి క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఏ గుల్ల ఏరుకోవాలి

బాపట్ల దగ్గరి సూర్యలంక ఒడ్డున ఇసుకలో రకరకాల గుల్లలు దొరుకుతాయి. రెండు చిప్పలున్న, మందమైన, కొస నుంచి అంచు దాకా విసనకర్ర మడతల్లా గాళ్ళు ఉన్న గుల్లని ఎంచుకోండి. శాస్త్రంలో దాని పేరు అనడారా గ్రానోసా. మనలాగే రక్తంలో హిమోగ్లోబిన్ ఉన్న జీవి కాబట్టి మాంసం ఎర్రగా ఉంటుంది. దీని గుల్ల మొత్తం ఆరగొనైట్. కాల్షియం కార్బొనేట్ ముఖ్యంగా ఆరగొనైట్, కాల్సైట్ అని రెండు రూపాల్లో స్ఫటికం కడుతుంది. ముత్యపు చిప్పల్లా పలచగా ఉండే గుల్లలు, రంగులు అద్ది షాపుల్లో అమ్మే గుల్లలు వద్దు. షాపు గుల్ల ఏ సముద్రానిదో ఎవరికీ తెలియదు. కొన్ని శంఖాలు, గవ్వలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. పెద్ద శంఖం, అరుదైన గవ్వ కనిపిస్తే అక్కడే వదిలెయ్యండి.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చెబుతాను. పిల్లలతో వెళ్ళి ఒక గోనెసంచి నిండా గుల్లలు ఏరుకొచ్చాను. నెలన్నర శుభ్రం చేసి, కోసి, గీరాం. ఆ తరవాత నిజాంపట్నంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన సంచిలోకి చూసి, "అమ్మా, ఇవన్నీ చచ్చిన గుల్లలు. ఎప్పుడు చచ్చాయో ఎవడికి తెలుసు? మా తాత పుట్టక ముందువి కూడా ఉంటాయి ఇందులో" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒడ్డున దొరికే ఖాళీ గుల్ల నిరుటిది కావచ్చు, అయిదు వందల ఏళ్ళ నాటిదీ కావచ్చు. అల ఏ లోతు నుంచో, ఏ మట్టి పొర నుంచో తవ్వి తెచ్చి పడేస్తుంది. తేదీ తెలియని గుల్లతో లెక్క మొదలుపెట్టలేం.

కాబట్టి మొదటి గుల్లలు బతికున్నవే కావాలి. వేటకి వెళ్ళేవాళ్ళని అడిగితే వలలో పడ్డవి నాలుగైదు ఇస్తారు. ఎక్కడ పడింది, ఎంత లోతు, ఏ రోజు అనేది అప్పటికప్పుడే పుస్తకంలో రాసుకోండి. రెండు చిప్పలూ అతుక్కుని ఉంటే మరీ మంచిది. ఒకటి గీతలు చూడటానికి, ఇంకోటి పొడి తియ్యడానికి. బతికున్న గుల్ల అంచు తేదీ మనకి ఖాయంగా తెలుస్తుంది, అది పట్టిన రోజే. ఆ అంచు నుంచి వెనక్కి నడుస్తూ వెళ్ళడమే మిగతా పని.

నీళ్ళు పట్టుకోవడం మరిచిపోకండి

ఈ మొత్తంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటామంటే ఇదే గుర్తుపెట్టుకోండి. గుల్లతో పాటు నీళ్ళు కూడా తేవాలి. గుల్లలోని ఆక్సిజన్ వేడిని బట్టే కాదు, అది పెరిగిన నీళ్ళలో ఆక్సిజన్ 18 ఎంత ఉందనేదాన్ని బట్టి కూడా మారుతుంది. వాన నీళ్ళలో, నది నీళ్ళలో అది సముద్రంలో కన్నా తక్కువ. మన తీరంలో జూన్ నుంచి డిసెంబరు దాకా ఈ నీళ్ళు సముద్రంలో కలుస్తూనే ఉంటాయి.

చిన్న గాజు సీసా తీసుకోండి. అది పట్టాల్సిన నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, నీళ్ళలో ముంచి నింపి, లోపల ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్ళ అడుగునే మూత బిగించండి. మూత చుట్టూ టేపు చుట్టండి. కాస్త ఖాళీ ఉన్నా తేలిక నీరు ముందు ఆవిరై, మిగిలింది బరువెక్కుతుంది. అప్పుడు మీ కొలత మొత్తం తప్పుతుంది. సీసా మీద తేదీ, టైము, నీళ్ళ వేడి రాయండి.

ఉప్పు కొలవడానికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. రొయ్యల చెరువులున్న రైతుని అడగండి. రేపల్లె, నిజాంపట్నం వైపు చెరువుల దగ్గర చేతిలో పట్టుకుని కంటికి పెట్టుకుని చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది. మా మావయ్య తన దాన్ని నాకిచ్చి, "ఒక చుక్క వేసి వెలుతురు వైపు చూడమ్మా, నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె చదువు" అని నేర్పాడు. ఉప్పు లెక్క పీపీటీలో వస్తుంది, అంటే వెయ్యి గ్రాముల నీళ్ళలో ఎన్ని గ్రాముల ఉప్పు అని. ముందు డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకోండి. వీలైతే నెలకి రెండుసార్లు, అమావాస్యకీ పౌర్ణమికీ, ఒకే చోట నీళ్ళు పట్టండి. ఒక ఏడాది అలా పడితే మీ దగ్గర ఉప్పుకీ, నీళ్ళ ఆక్సిజన్‌కీ ఉన్న సంబంధం తయారవుతుంది. ఆ తరవాత ఉప్పు ఒక్కటి కొలిచినా ఆక్సిజన్ విలువ అంచనా వెయ్యొచ్చు.

శుభ్రం చెయ్యడం, ఊదా రంగు పరీక్ష

మాంసం తీసేసి మంచినీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వేడినీళ్ళలో ఉడికించొద్దు. బ్లీచింగ్ వద్దు. తెల్లగా మెరవాలని ఆసిడ్‌లో అసలే ముంచొద్దు, పై పొర కరిగిపోతుంది. నీడలో ఆరబెట్టండి.

బతికున్న గుల్లకి తరవాతి పరీక్ష అక్కర్లేదు. మట్టిలోంచి తవ్విన పాత గుల్ల అయితే తప్పనిసరి. ఎందుకంటే ఆరగొనైట్ గుల్ల వేల ఏళ్ళు మట్టిలో ఉంటే భూగర్భ జలాల్లో నానుతూ కాల్సైట్‌గా మారిపోతుంది. మారిందంటే దానిలోని ఆక్సిజన్ సముద్రానిది కాదు, ఆ భూగర్భ జలానిది. చూడటానికి గుల్ల గుల్లలాగే ఉంటుంది, లోపల రాత మొత్తం చెరిగిపోయి ఉంటుంది.

దీనికి కాలేజీ ల్యాబులో ఉన్న మందే చాలు. సాల్ట్ అనాలిసిస్‌కి వాడే కోబాల్ట్ నైట్రేట్ గుర్తుందా, ఎర్రటి ద్రావణం? గుల్లని ఒక మూల గీరి, చిటికెడు పొడి టెస్ట్‌ట్యూబులో వేసి, పది శాతం కోబాల్ట్ నైట్రేట్ పోసి కొన్ని నిమిషాలు మరిగించండి. పొడి అడుక్కి దిగాక ద్రావణం వంపేసి, నీళ్ళతో రెండుసార్లు కడిగి చూడండి. ఆరగొనైట్ అయితే పొడి లేత ఊదా రంగుకి తిరుగుతుంది, వంకాయ పువ్వు రంగు. కాల్సైట్ అయితే తెల్లగానే ఉండిపోతుంది. పక్కన ఒక ట్యూబులో తాజా గుల్ల పొడి, ఇంకోదాంట్లో మామూలు చాక్‌పీసు కాకుండా షాపులో కొన్న కాల్సైట్ పొడి పెట్టుకుంటే పోల్చడం తేలిక. చాక్‌పీసుల్లో ఎక్కువ భాగం జిప్సమ్ కాబట్టి అది పనికిరాదు. మైగెన్ పరీక్ష అంటారు దీన్ని. రేపల్లె దగ్గర చేపల చెరువు తవ్వుతుంటే మనిషి లోతులో దొరికిన గుల్లకి ఈ పరీక్ష చేసినప్పుడు, పొడి మెల్లగా ఊదా రంగుకి తిరుగుతుంటే మా పిల్లలు స్టాండు చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూశారు. కోబాల్ట్ విషం కాబట్టి గ్లవ్స్ వేసుకోండి, మిగిలింది సింకులో పొయ్యకుండా వేస్ట్ సీసాలో పెట్టండి. చదివే చోట స్ఫటికం ఏ రూపంలో ఉందో చెప్పే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ మెషీన్ ఉంటే ఇంకా గట్టి రుజువు దొరుకుతుంది.

కోయడం, గీతలు చూడటం

గుల్లని ఉత్తినే కోస్తే అంచు చిట్లిపోతుంది. ముందు ఆరల్డైట్ పూసి ఒక రోజు ఆరనివ్వండి. గ్రానైట్ కటింగ్ షాపుకి తీసుకెళ్ళి, కొస నుంచి అంచు దాకా, ఎక్కువగా పెరిగిన దిక్కులో నిలువునా కోయించండి. నీళ్ళు పోస్తూ కోయాలని గట్టిగా చెప్పండి. మేము మొదటిసారి పొడిగా కోయిస్తే చక్రం వేడెక్కి గుల్ల మాడు వాసన వచ్చింది. గుల్ల వేడెక్కితే ఆరగొనైట్ మారే ప్రమాదం ఉంది, పైగా పగుళ్ళు కూడా వస్తాయి. ఆ గుల్లలన్నీ పక్కన పెట్టేశాం.

కోసిన ముఖాన్ని గాజు పలక మీద నీళ్ళు చల్లుతూ 320, 600, 800, 1200 నంబర్ల ఎమరీ కాగితాల మీద వరసగా రుద్దండి. కాగితం మారినప్పుడల్లా గుల్లని బాగా కడగండి, లేకపోతే ముతక రేణువు ఒకటి చాలు, గీరేస్తుంది. అద్దంలా మెరిసే దాకా రుద్దాక ఒక నిమిషం మామూలు వెనిగర్‌లో ముంచి, డిస్టిల్డ్ నీళ్ళలో కడిగి ఆరబెట్టండి. ఇది గీతలు చూసే చిప్పకి మాత్రమే. పొడి తీసే చిప్పకి వెనిగర్ తగలకూడదు.

ఇప్పుడు మైక్రోస్కోప్ కింద పెట్టండి. పై నుంచి వెలుతురు ఏటవాలుగా పడాలి, మొబైల్ టార్చి చాలు. కోసిన అంచు వెంబడి దారాల్లాంటి సన్నగీతలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల వెడల్పుగా, కొన్నిచోట్ల దగ్గరగా ఇరుక్కుని. మన బంగాళాఖాతంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. నీళ్ళు దిగిపోయి బయటపడినప్పుడు గుల్ల మూసుకుని పెరగడం ఆపుతుంది, అక్కడ గీత పడుతుంది. నీళ్ళు వచ్చినప్పుడు మళ్ళీ పెరుగుతుంది. అమావాస్య, పౌర్ణమికి పోటు పెద్దది, అష్టమి చుట్టుపక్కల చిన్నది. అందుకే గీతలు గుంపులు గుంపులుగా ఉంటాయి. బాగా కనిపించే గుల్లలో ఒక అమావాస్య నుంచి పౌర్ణమి దాకా ఇరవై ఎనిమిది గీతల వరకు లెక్కపెట్టొచ్చు. వల వేసే చోట, ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే లోతుల్లో పెరిగిన గుల్లలో ఇవి ఇంత స్పష్టంగా రావు. పాటు సమయంలో బయటపడే బురద నేలల్లో తీసిన గుల్లలో బాగా వస్తాయి. కాబట్టి ఎక్కడ తీశారో రాసుకోమని మళ్ళీ చెబుతున్నాను.

చల్లటి సముద్రాల్లో ఏడాదికి ఒక గీత పడే గుల్లలుంటాయి. ఐస్‌లాండ్ దగ్గర 2006లో పట్టిన ఆర్కటికా ఐలాండికా గుల్ల వయసు 507 ఏళ్ళని గీతలు లెక్కపెట్టే చెప్పారు. మన అనడారా అంతకాలం బతకదు, కొన్నేళ్ళే. కానీ ఆ కొన్నేళ్ళలో మనకి వారాల వివరం దొరుకుతుంది.

పొడి తియ్యడం

డెంటల్ సామాన్లు అమ్మే షాపులో అర మిల్లీమీటరు బిట్టు, చిన్న మైక్రోమోటార్ దొరుకుతాయి. వేగం అన్నిటికన్నా తక్కువ పెట్టండి. రెండో చిప్ప బయటి పొర మీద, అంచు దగ్గర మొదలుపెట్టి కొస వైపు వెళుతూ, అర మిల్లీమీటరుకి ఒకటి చొప్పున సన్న గాడి గీరండి. లోపలి పొర తగలనివ్వొద్దు. అది వేరే సమయంలో కట్టిన పొర, కలిసిపోతే కాలాలు కలగాపులగం అవుతాయి. ఒక్కో శాంపిల్‌కి వంద మైక్రోగ్రాములు చాలు, అంటే రెండు ఉప్పు రేణువుల బరువు. బటర్ పేపర్ మీద పడేలా గీరి, మడిచి ఎపెండార్ఫ్ ట్యూబులోకి, అంటే మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ ట్యూబులోకి, దులపండి. ప్రతి గాడికీ మధ్య బిట్టుని డైల్యూట్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ముంచి, డిస్టిల్డ్ నీళ్ళలో కడిగి, ఆరబెట్టాలి. ఫ్యాన్ ఆపేయండి. మా ల్యాబులో ఒక అమ్మాయి పదకొండో గాడి దగ్గర తుమ్మింది, ఆ పొడి మళ్ళీ దొరకలేదు. అందుకే మాస్క్ కూడా కావాలి.

గుల్ల ఫొటో తీసి ప్రింటు మీద ప్రతి గాడికీ నంబరు రాయండి. ట్యూబు మీదా, పుస్తకంలోనూ అదే నంబరు.

పంపడం, లెక్క చెయ్యడం

ఈ కొలత చేసే మెషీన్లు అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి చోట్ల ఉన్నాయి. మీ ప్రొఫెసరు ద్వారా ఉత్తరం రాయించి, శాంపిల్‌కి ఎంత తీసుకుంటారో, ఎన్ని నెలలు పడుతుందో ముందే కనుక్కోండి. అక్కడ పొడి మీద నిండు ఫాస్ఫోరిక్ ఆసిడ్ వేసి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని మెషీన్‌లోకి పంపిస్తారు. మా నాయనమ్మ కాలంలో బట్టీ పైనుంచి ఎగిరిపోయిన వాయువు ఇదే. నీళ్ళ సీసాలు కూడా పంపండి. మామూలుగా గుల్ల కొలతలో పొరపాటు 0.1 పర్ మిల్ దాకా ఉంటుంది, డిగ్రీల్లో సుమారు అర డిగ్రీ.

ఆరగొనైట్‌కి గ్రాస్‌మన్, కూ 1986లో ఇచ్చిన సూత్రం వాడతాం:

ఉష్ణోగ్రత = 20.6 − 4.34 × (గుల్ల డెల్టా − (నీటి డెల్టా − 0.27))

ఆ 0.27 ఎందుకంటే గుల్లని ఒక కొలబద్దతో, నీళ్ళని ఇంకో కొలబద్దతో కొలుస్తారు. రెండిటినీ కలిపే సర్దుబాటు అది. కాల్సైట్ గుల్లకి ఈ సూత్రం వాడొద్దు, దానికి వేరే ఉంది.

నేను క్లాసులో ఇచ్చే అభ్యాసం లెక్క ఒకటి చూడండి. అంకెలు నేర్చుకోవడానికి నేను ఎంచుకున్నవి. ఒక గాడిలో గుల్ల విలువ −2.0, నీటి విలువ −0.2 అనుకుందాం. నీళ్ళ సర్దుబాటు చేస్తే −0.47. −2.0 లోంచి దాన్ని తీసేస్తే −1.53. 4.34తో గుణిస్తే −6.64. 20.6 లోంచి మైనస్ 6.64 తీసెయ్యడమంటే కలపడమే, 27.2 డిగ్రీలు. జనవరి సముద్రానికి సరిగ్గా సరిపోతుంది.

ఇంకో గాడిలో గుల్ల విలువ −4.0. అదే నీళ్ళు అనుకుని లెక్క వేస్తే 35.9 డిగ్రీలు వస్తుంది. ఇక్కడే పిల్లలు ఆగిపోతారు. "మేడం, సముద్రం 36 డిగ్రీలు ఎక్కిందా? అప్పుడు చేపలన్నీ చచ్చిపోవూ?" అని అడిగాడు ఒకబ్బాయి. సరైన ప్రశ్న. మన తీరంలో సముద్రం పైనీళ్ళు ఏడాది మొత్తంలో సుమారు 26 నుంచి 30 డిగ్రీల మధ్యే ఆడతాయి. ఆ నాలుగు డిగ్రీలకి గుల్లలో తేడా ఒక పర్ మిల్‌కి మించదు. గుల్ల విలువ అంతకన్నా ఎక్కువ పడిపోయి పెద్ద పల్లం కనిపించిందంటే అది ఎండ కాదు, మంచినీళ్ళు. సూత్రాన్ని తిరగేయండి. ఆ వారం నీళ్ళ వేడి 29 డిగ్రీలని తెలిస్తే, నీటి విలువ −1.8 అని వస్తుంది. అంటే గుల్ల దగ్గరికి నది నీళ్ళో వాన నీళ్ళో గట్టిగానే వచ్చాయి.

చల్లటి దేశాల పుస్తకాలు చదివి గుల్లని థర్మామీటరు అనుకుంటాం. మన దగ్గర అది ముందు వాన లెక్క, నది లెక్క. ఈ తేడా తెలియక, వేసవి కన్నా అక్టోబరులో సముద్రం వేడిగా ఉందని రాసిన రిపోర్టు ఒకటి నేను చూశాను. రాసిన పిల్ల ఏడాది కష్టం అది. ఎవరైనా ఒక నీళ్ళ సీసా పట్టమని చెప్పి ఉంటే నిలబడేది.

ఇంకో చిక్కు ఉంది. సూర్యలంకలో అక్టోబరు, నవంబరుల్లో కనిపించే మంచినీళ్ళన్నీ కృష్ణమ్మవే అనుకోవద్దు. రుతుపవనాలు వెనక్కి మళ్ళాక తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి నీళ్ళు కూడా మన ఒడ్డు పక్కనుంచే దిగుతాయి. కృష్ణ సంతకం మాత్రమే కావాలంటే హంసలదీవి దగ్గర, నది సముద్రంలో కలిసే చోట ఒక గుల్ల, దానికి దూరంగా ఇంకో గుల్ల తీసుకుని, ఒకే నెలలో రెండిటినీ పోల్చాలి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వదిలారు, విజయవాడ సింగ్‌నగర్ ఇంకా బుడమేరు నీళ్ళలోనే ఉన్న రోజది. ఆ నెలలో నది ముఖద్వారం దగ్గర బతికున్న గుల్ల దొరికితే, అంచు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఆ పల్లాన్ని వెతకండి. మరీ మంచినీళ్ళు వస్తే గుల్ల మూసుకుని పెరగడం ఆపేస్తుంది కూడా. అప్పుడు పల్లం బదులు ఒక ముదురు గీత మాత్రమే మిగలొచ్చు. కాబట్టి అంకెలు చూసేటప్పుడు మైక్రోస్కోప్ ఫొటో పక్కనే ఉండాలి.

మిగతా కొలతల గురించి క్లుప్తంగా చెబుతాను. అదే పొడితో కార్బన్ 13, అంటే బరువు కార్బన్, విలువ కూడా ఉచితంగా వస్తుంది, నది నీళ్ళు వస్తే అది కూడా తగ్గుతుంది, సాక్ష్యానికి పనికొస్తుంది. స్ట్రాన్షియం, మెగ్నీషియం నిష్పత్తులు పగడాల్లో, ఫొరామినిఫెరా అనే సన్న సముద్ర జీవుల గుల్లల్లో బాగా పనిచేస్తాయి గానీ రెండు చిప్పల గుల్లల్లో జీవి తన ఇష్టం వచ్చినట్టు మారుస్తుంది, మొదటి ప్రాజెక్టుకి వాటి జోలికి పోవద్దు. నీళ్ళ విలువ తెలియకుండానే వేడి చెప్పే పద్ధతి ఒకటుంది, క్లంప్డ్ ఐసోటోప్స్ అంటారు. 2006లో దాన్ని మొదట చూపించిన పరిశోధకుల్లో ప్రొసేన్‌జిత్ ఘోష్ ముందున్నారు. తరవాత ఆయన బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేశారు. దానికి పొడి ఎక్కువ కావాలి, ఖర్చు కూడా ఎక్కువే.

పాత గుల్లల దగ్గరికి

బతికున్న గుల్లతో చెయ్యి తిరిగాకే పాతవాటి దగ్గరికి వెళ్ళండి. కృష్ణా డెల్టాలో చెరువులు, బావులు తవ్వేటప్పుడు సముద్రానికి చాలా దూరంలో కూడా గుల్లలు బయటపడతాయి. ఆరేడు వేల ఏళ్ళ క్రితం సముద్ర మట్టం నిలకడ పడ్డాక నది తెచ్చిన మట్టితో ఒడ్డు ముందుకి జరుగుతూ వచ్చింది, ఆ పాత ఒడ్డుల గుల్లలివి. ముందు మైగెన్ పరీక్ష, తరవాత రేడియోకార్బన్‌తో, అంటే కార్బన్ 14 ఎంత మిగిలిందో చూసి, వయసు. సముద్రపు గుల్లకి రేడియోకార్బన్ వయసు అసలుకన్నా ఎక్కువ వస్తుంది, ప్రపంచ సగటున నాలుగు వందల ఏళ్ళు. సముద్రంలో కార్బన్ పాతది కావడమే కారణం. ఆ సర్దుబాటు చెయ్యకుండా ఏ అంకె రాయొద్దు.

నాకు ఎప్పటినుంచో కావలసింది మాత్రం వేల ఏళ్ళ గుల్ల కాదు, ఆనకట్టలకి ముందుదీ తరవాతదీ. బెజవాడ దగ్గర పాత ఆనకట్ట 1855లో, ప్రకాశం బ్యారేజీ 1957లో, నాగార్జునసాగర్ 1967లో వచ్చాయి. 1955కి ముందు బతికిన గుల్లకీ తరవాతి గుల్లకీ తేడా చెప్పే సౌకర్యం రేడియోకార్బన్‌లోనే ఉంది. 1950లు, 60లలో జరిగిన అణు పరీక్షల కార్బన్ సముద్రంలోకి చేరింది కాబట్టి తరవాతి గుల్లల్లో అది ఎక్కువ కనిపిస్తుంది. హంసలదీవి దగ్గర ఆ రెండు కాలాల గుల్లలు చెరో అయిదు దొరికితే, సెప్టెంబరు పల్లాలు ఎంత లోతుగా ఉండేవో, ఇప్పుడెంత ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. కృష్ణ నీళ్ళు సముద్రానికి ఎంత తగ్గాయో ఆ పల్లాల తేడాలో కనిపించాలి. మీ ఇంట్లో, అటక మీద, పాత డబ్బాలో ఎవరో తాతలు దాచిన సముద్రపు గుల్లలు, ఏ ఊరివో ఏ ఏడాదివో రాసిన చీటీతో సహా ఉంటే, దయచేసి కడగకండి, ఉడికించకండి. చీటీతో పాటు అలాగే కాగితంలో చుట్టి, మీ దగ్గరలోని కాలేజీలో జియాలజీ, కెమిస్ట్రీ చెప్పేవాళ్ళకి చూపించండి.